కిరాయి పెరగని ఇల్లు

గగన్‌పహాడ్ దాటి శంషాబాద్ వైపు వస్తుంటే, పాత హైవే మీంచి ఒక సన్నటి గల్లీ లోపలికి దిగుతుంది. ఆ గల్లీలో చివరి ఇంటికి పసుపు రంగు రేకు గేటు. రాత్రి పదిన్నర దాటిందంటే ఆటోవాళ్లు గల్లీ మొదట్లోనే బండి ఆపేసి, ఇక్కడ దిగండి అంటారు. ఎందుకని అడిగితే టైరులో గాలి తక్కువుందంటారు. అన్ని ఆటోలకూ ఆ ఒక్క గల్లీ దగ్గరే గాలి తగ్గిపోవడం ఏమిటో మరి... అడిగినవాళ్లు లేరు.

ఆ ఇంటి మీద రెండు మాటలున్నాయి. ఒకటి — రాత్రి వేసిన తాళం తెల్లారేసరికి తీసి ఉంటుందని. రెండోది దానికంటే భయపెట్టేది — పదకొండేళ్లుగా ఆ ఇంటి కిరాయి ఒక్క రూపాయి కూడా పెరగలేదని.

ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఇది మామూలు సంగతి కాదు. ఇక్కడ ఏడాది తిరిగేసరికి ఓనరు కిరాయి పెంచుతాడు. ఆయన మొహమాటపడితే పక్కింటి ఓనరు వచ్చి, నువ్వు పెంచకపోతే మా కిరాయిదారులు నన్ను అడుగుతున్నారని పోట్లాడి మరీ పెంచిస్తాడు. అలాంటి చోట గల్లీ అంతా పన్నెండు వేలు పలుకుతుంటే, రెండు గదులూ వంటిల్లూ బోరు నీళ్లూ ఉన్న ఇల్లు ఆరువేలకు దొరుకుతుందంటే తెలివైనవాళ్లెవరూ అటు చూడరు.

డోర్కాస్ తెలివితక్కువది కాదు. కానీ ఆమెకు వేరే దారి లేకపోయింది. ఆమెకు జరిగింది జరిగినట్టు, విన్నది విన్నట్టు చెప్పుకుంటే ఇదీ సంగతి.

డోర్కాస్ ఎయిర్‌పోర్టులో నేలలు తుడిచే పనిలో ఉంది. మధ్యాహ్నం ఎక్కితే రాత్రి పదింటికి దిగే షిఫ్టు. భర్త ప్రేమదాసు క్యాబ్ నడిపేవాడు. రెండేళ్ల కింద అతని కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. చేయించుకున్న రాత్రి తనంతట తాను పక్కకు తిరగడానికి కూడా ఓపిక ఉండదు. ఒకరోజు అతన్ని ఇద్దరు పట్టుకుని ఆటోలోంచి దింపుతుంటే ఓనరు పైనుంచి చూశాడు. మర్నాడు పొద్దున్నే దిగొచ్చి, మా తమ్ముడు కాపురానికి వస్తున్నాడు, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయండి అన్నాడు. ఆయనకు తమ్ముడే లేడు.

కిరాయి ఇళ్లకు ఏ కాగితం మీదా రాయని షరతు ఒకటుంది. కిరాయికున్న మనిషి దవాఖానాలో పోతే శవాన్ని ఆ ఇంటి గుమ్మం ఎక్కనివ్వరు. ఎక్కితే ఇల్లు అపవిత్రం, నెలలకొద్దీ మూసిపెట్టాలి, మళ్లీ ఎవరూ దిగరని ఓనర్ల భయం. అందుకే ఎందరో పేదవాళ్లు తమ చివరి పూట రోడ్డు మీద, గోడ పక్కన, అద్దెకు తెచ్చిన ఐసు పెట్టెలో గడుపుతారు. ప్రేమదాసు అలాంటివి కళ్లారా చూసినవాడు. ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని మెల్లగా అన్నాడు.

"డోర్కాసూ... నన్ను రోడ్డు మీద పండవెట్టకు."

ఏం మాటలవి అని ఆమె కసిరింది. కసిరాక వంటింట్లోకి పోయి ఏడ్చింది. అప్పటినుంచి ఆమె వెతుకుతున్నది ఇల్లు కాదు, ఆ మాటకు జవాబు.

తొమ్మిది ఇళ్లు తిరిగింది. తొమ్మిదిచోట్లా మతం, కులం, చికెన్ మటన్ అన్నీ అడిగాక చివర్లో ఒకే ప్రశ్న — "ఇంట్ల పేషెంట్లు ఎవలన్న ఉన్నరా?" తుక్కుగూడలో ఒకసారి లేరని అబద్ధం చెప్పింది. అడ్వాన్సు తీసుకునేటప్పుడు ఓనరమ్మ ప్రేమదాసు చేతి మీద డయాలిసిస్ సూదులకు ఉబ్బిన నరం చూసి డబ్బులు తిరిగి చేతిలో పెట్టింది.

పదోది ఈ పసుపు గేటు ఇల్లు. చూపించినవాడు రాజశేఖర్ అనే బ్రోకరు. మధ్యాహ్నం పన్నెండింటికి, ఎండ నడినెత్తిన ఉండగా తీసుకొచ్చాడు. వేరే టైము కుదరదన్నాడు.

పదహారేళ్లుగా కిరాయి ఇళ్లలో బతికిన మనిషి డోర్కాస్. ఆమెకు ఇల్లు చూపించడం అంటే పరీక్షకు కూర్చోవడమే. బాత్రూములో బకెట్ నీళ్లు గుమ్మరించి ఎంతసేపట్లో పోతాయో చూసింది. గోడకు గోరు గుచ్చి చెమ్మ చూసింది. కరెంటు మీటరు ముందు నిలబడి పాత బిల్లు అడిగింది. సంపు మూత ఎత్తి వాసన చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. బాగుండడమే ఆమెకు నచ్చలేదు.

గేటు దగ్గరికొచ్చి ఆగింది. రేకు గేటుకు గొళ్లేలు ఒకటి కాదు... నాలుగు. ఒక్కోటీ ఒక్కో కాలంలో వెల్డింగ్ చేయించినట్టుంది. కింద మూలకు తుప్పు పట్టిన గొలుసు ముక్కలు పడి ఉన్నాయి.

"గివి ఎవలు వెట్టించిండ్రు?"

"ఇంతకుముందున్నోళ్లు అక్కా. భయం మనుషులు."

"ఇంట్ల ఎవలన్న చచ్చిపోయిండ్రా తమ్మీ? నిజం చెప్పు."

రాజశేఖర్ గొంతు పట్టుకుని ఒట్టేశాడు. "మా అమ్మ మీదొట్టు. ఈ ఇంట్ల ఒక్క పానం పోలే. ఒక్క శవం లేవలే."

బ్రోకర్ల ఒట్లు ఆమెకు కొత్త కాదు. కానీ ఇతని మొహంలో అబద్ధం కనపడలేదు. నిజం చెప్పి కూడా ఒక మనిషి అంత ఇబ్బందిగా ఎందుకు చూస్తాడో ఆమెకు అర్థం కాలేదు. ఓనరు ఎవరంటే, ఎదురుగా ఉన్న రేకుల ఇల్లు చూపించి, రామచంద్రయ్య అనీ, ఒక్కడే ఉంటాడనీ, పగలు తలుపు తీయడనీ చెప్పాడు.

వచ్చేదారిలో గల్లీ మొదట్లో అనంతమ్మ కిరాణా కొట్టు. డోర్కాస్ కావాలనే ఆగి సబ్బు కొన్నది. ఇంటి గురించి గోడలు చెప్పనిది కిరాణా కొట్టు చెబుతుంది, ఇది ఆమె అనుభవం. పసుపు గేటు మాట ఎత్తగానే అనంతమ్మ చిల్లర లెక్కపెడుతున్న చేయి ఆపింది.

"నాకేం ఎరుక లేదు బిడ్డా. నేను తొమ్మిదింటికే షట్టర్ దించుత."

"ఇంట్ల ఏమన్న ఉన్నదా పెద్దమ్మా?"

అనంతమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇంట్ల ఏం లేదు... గేటు బయట ఉంటది. రాత్రిపూట గేటు కొడ్తది. తీసి చూసినోళ్లకు ఎవలు కనవడలే. ఇగ నన్ను అడగకు."

ఇంటికొచ్చి ఆమె ప్రేమదాసుకు ఏమీ చెప్పలేదు. దెయ్యాలు లేవని పాస్టరమ్మ ప్రతి ఆదివారం చెబుతుంది. డోర్కాస్ ప్రతి ఆదివారం నమ్ముతుంది. కానీ పాస్టరమ్మకు సొంత ఇల్లుంది. నెలాఖరుకు ఆరు రోజులే ఉన్నాయి. దెయ్యం కంటే పదకొండో ఇంటి ఓనరు ఆమెను ఎక్కువ భయపెట్టాడు.

మర్నాడు రాజశేఖర్‌కు ఫోన్ చేసి, ఒక రాత్రి పడుకుని చూశాకే అడ్వాన్సు ఇస్తానంది. అతను, తాళంచెవి అనంతమ్మ కొట్లో పెడతాను, నేను మాత్రం రానన్నాడు. మధ్యాహ్నం పనికి పోతూ ఆమె తాళంచెవి తీసుకుంది. ఆ రాత్రి షిఫ్టు దిగి, నాన్నకు తోడుండమని కూతురు ఎవాంజెలిన్‌కు చెప్పి, సంచిలో చాప, దుప్పటి, బైబిలు, టార్చి, కొత్త తాళమూ గొలుసూ పెట్టుకుని బయల్దేరింది. గల్లీ మొదట్లో ఆటో ఆగిపోయింది. ఆమె గాలి సంగతి అడగలేదు.

లోపలికి పోయి గేటుకు తన గొలుసు చుట్టి, తన తాళం వేసుకుంది. ముందు గదిలో కిటికీ పక్కన చాప పరిచింది.

ఆమెకు ఒక ఆలోచన ఉంది. ఎయిర్‌పోర్టు మనిషి కాబట్టి ఆమెకే వచ్చే ఆలోచన. విమానాలు తక్కువగా దిగేటప్పుడు ఈ ప్రాంతంలో కిటికీ అద్దాలు, వంటింట్లో గిన్నెలు కూడా అదురుతాయి. ఆ అదురుకు రేకు గేటు మోగుతుంది, జనం దెయ్యమంటారు, అంతే కదా అనుకుంది. అందుకని గొళ్లేల మధ్య పాత గుడ్డ కుక్కింది. గొలుసు కదలకుండా తన చున్నీతో బిగించి కట్టింది.

పదకొండుకు ఒక విమానం దిగింది. కిటికీ అద్దం అదిరింది. గేటు కదల్లేదు.

పదకొండుంబావుకు ఇంకోటి దిగింది. గేటు కదల్లేదు. డోర్కాస్ తనలో తాను నవ్వుకుంది. ఆరువేల కిరాయికి రెండు గదుల ఇల్లు... ఒక పాత గుడ్డ ముక్కతో ఆగిపోయే చప్పుడుకు భయపడి ఎంతమంది పారిపోయారో కదా అనుకుంది. దుప్పటి మీదికి లాక్కుంది.

తర్వాత విమానాలేమీ రాలేదు. గల్లీలో కుక్కలు కూడా మొరగడం మానేశాయి.

అప్పుడు కొట్టారు.

దబ్... ... దబ్... ... దబ్.

అరచేత్తో కొట్టినట్టు, మెల్లగా. మూడుసార్లు.

డోర్కాస్ లేచి కూర్చుంది. రేకు గేటు ఎవరు కొట్టినా పైన, ఛాతీ ఎత్తులో కొడతారు. ఈ చప్పుడు అక్కడినుంచి రాలేదు. కిందినుంచి వచ్చింది — మోకాలి ఎత్తునుంచి. నిలబడ్డ మనిషి కొట్టింది కాదది. పడుకున్న మనిషి చేయి చాపి కొట్టినట్టుంది.

దబ్... ... దబ్... ...

మూడోది వినపడలేదు. ఆమె బైబిలు ఛాతీకి హత్తుకుంది. ప్రార్థన మొదలుపెట్టింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయి, చివరికి ప్రభువా ప్రభువా అన్నదొక్కటే మిగిలింది.

కాసేపటికి చెప్పుల చప్పుడు. ఈడ్చుకుంటూ... దగ్గరికి... ఇంకా దగ్గరికి. గేటు ముందర ఆగింది.

గొలుసు గలగలమంది. ఎవరో తాళం పట్టుకుని లాగుతున్నారు. వదిలి, మళ్లీ లాగుతున్నారు. ఇనుము ఇనుముకు రాసుకుంటున్న చప్పుడు. దానితోపాటు ముసలి గొంతు, గుసగుసగా—

"వస్తున్న... వస్తున్న ఆగు... తీస్తున్న..."

ఆ గొంతులో బెదిరింపు లేదు. ఏడుపు ఉంది. అదే ఆమెను లేపి నిలబెట్టింది. కిటికీ రెక్క కొంచెం తీసి, టార్చి వేసింది.

గేటు అవతల, ఛాతీ ఎత్తు రేకు మీంచి కనపడుతూ ఒక ముసలాయన. బనీను, పైకెత్తిన చేతిలో తాళంచెవుల గుత్తి. వెలుగు పడగానే వెనక్కి తిరిగి పోబోయాడు.

"ఆగు బాపు," అంది డోర్కాస్. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "నువ్వు రామచంద్రయ్యవు కదా. ఈ ఇంటి ఓనరువు."

ఆయన ఆగాడు. దొరికిపోయిన దొంగలా తల వంచుకున్నాడు. ఆమె బయటికొచ్చి గేటు ఇవతల నిలబడింది. మధ్యలో గొలుసు.

"పదకొండేండ్లాయె బిడ్డా," అన్నాడు ఆయన. "ఈ ఇంట్ల కుర్మయ్య అని ఒక మేస్త్రి ఉండె. నువ్వు నిలవడ్డ గీ ర్యాంపు గూడ ఆయన పోసిందే. కూలి గూడ తీసుకోలే. దవాఖానల పాణం పోయింది. రాత్రి గిదే టైముకు అంబులెన్సు తెచ్చిండ్రు. వాన పడుతున్నది."

ఆయన గేటు రేకు మీద చేయి పెట్టాడు.

"ఇల్లు కొత్తది. పీనుగ ఎక్కితే ఆరు నెలలు ఇల్లు మూయాలె అని అందరు చెప్పిండ్రు. నేను గేటుకు తాళమేసి, గిట్ల అడ్డం నిలవడ్డ. ఆయన పెండ్లాం లింగమ్మ నా కాళ్లు పట్టుకున్నది. ఒక్క గంట, మా సామాన్ల నడుమ ఒక్క గంట అన్నది. నేను తీయలే. స్ట్రెచర్ గిక్కడ, గీ గేటుకు ఆనిచ్చి పెట్టిండ్రు. తెల్లారేదాక తడిసిండు."

ప్రేమదాసు గోడవైపు తిరిగి అన్న మాట డోర్కాస్ చెవిలో మోగింది. ఈ ముసలాయన మీద అసహ్యం వేసింది, దాన్ని దాచుకోవాలనిపించలేదు.

"గా యేడే నా భార్య పోయింది," అన్నాడు రామచంద్రయ్య. "దవాఖాన కెల్లి ఇంటికి తెచ్చుకున్న. నడింట్ల పండవెట్టుకున్న. ఎవలు అడ్డం రాలే. గప్పుడు తెలిసింది నేను చేసిందేందో. ఇగ అప్పటి సంది కిరాయి పెంచలే. ఏ మొఖం పెట్టుకొని పెంచాలె?"

రోజూ రాత్రి వచ్చి గేటు తీస్తానని చెప్పాడు. ఇల్లు ఖాళీగా ఉంటే తన తాళంచెవితో తీస్తాడు. ఎవరైనా దిగితే వాళ్ల తాళం ఉంటుంది, లాగి చూస్తాడు. వాళ్లు భయపడి ఇంకో గొళ్లెం పెట్టిస్తారు. ఇంకో గొలుసు తెస్తారు. మూడు నెలలకు వెళ్లిపోతారు. లైటు వేస్తే సిగ్గుపడి చీకట్లోకి తప్పుకుంటానన్నాడు.

డోర్కాస్‌కు ఇదా సంగతి, ఇంతేనా అనిపించింది. దెయ్యం లేదు, ఏమీ లేదు. చేసిన పాపం అరగక రాత్రిళ్లు తిరిగే ఒక ముసలాయన. కోపంలోనే నవ్వు కూడా వచ్చింది.

"అయితే ఇన్నేండ్ల సంది గేటు కొట్టి అందర్ని పరేషాన్ చేసింది నువ్వేనా బాపు?"

రామచంద్రయ్య తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"నేను తీయనీకి వస్త బిడ్డా," అన్నాడు. "కొట్టేది నేను కాదు. కొట్టుడు ఇనవడితేనే లేచి వస్త."

గాలి లేదు. గొళ్లేల మధ్య కుక్కిన గుడ్డ కుక్కినట్టే ఉంది. ఆమె తనకు తెలియకుండానే గేటు మీంచి వంగి, రేకు అవతలి వైపు టార్చి వేసింది — మోకాలి ఎత్తుకు. అక్కడ పసుపు రంగు అరచేయంత మేర అరిగిపోయి, ఇనుము తెల్లగా మెరుస్తోంది.

"ఖాళీ ఇంటికి తీసిపెడ్త. లోపటికి రాడు," అన్నాడు ముసలాయన. "ఇంట్ల మనుషులు ఉండి రానియ్యాలె. ఉన్నోళ్లేమో తీయరు."

పారిపోవాలనిపించింది ఆమెకు. నిజంగా అనిపించింది. చాప, సంచీ అక్కడే వదిలేసి హైవే దాకా పరుగెత్తాలనిపించింది. కానీ పరుగెత్తి పదకొండో ఇంటికి పోవాలి. అక్కడ కూడా అదే ప్రశ్న. అందుకని ఇన్నాళ్లూ ఏ ఓనరునూ అడగలేని మాట ఈయన్ను అడిగింది.

"మా ఆయనకు కిడ్నీలు పోయినయ్. డయాలిసిస్ నడుస్తున్నది. రేపు ఏమన్న అయితే... ఆయనను ఈ ఇంట్లకు రానిస్తవా బాపు?"

రామచంద్రయ్య గుత్తిలోంచి ఆ ఇంటి తాళంచెవి విప్పి, గొలుసు సందులోంచి ఆమె చేతికిచ్చాడు. "నేను బతికుంటే నేనే ఎత్తుకొని తెస్త. లేకుంటే నీ చేతిల తాళంచెవి ఉన్నది. ఎవల్ని అడగకు," అన్నాడు.

డోర్కాస్ చున్నీ ముడి విప్పింది. తాళం తీసింది. గొలుసు జారి కింద పడింది. స్ట్రెచర్ పట్టాలంటే ఒక్క రెక్క చాలదు కాబట్టి రెండు రెక్కలూ గోడకు ఆనేదాకా తెరిచింది. తర్వాత ఇద్దరూ చెరో పక్కకు తప్పుకున్నారు. ఎవరికి దారి ఇచ్చారో ఇద్దరూ పైకి అనలేదు. గల్లీ చివర ఒక కుక్క మొరిగింది.

ఆ రాత్రి మళ్లీ చప్పుడు రాలేదు.

నాలుగో రోజున సామాను దింపారు. పాస్టరమ్మ వచ్చి ప్రార్థన చేసి, ఇల్లు బాగుందనీ కిరాయి ఎంతనీ అడిగి, ఆరువేలంటే ఒక్క నిమిషం కళ్లు మూసుకుని మరో ప్రార్థన చేసిపోయింది. గేటు సంగతి డోర్కాస్ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ప్రేమదాసుకు డయాలిసిస్. రాత్రి అతన్ని మంచం నడుమ పడుకోబెట్టి, చేతులు సర్ది, దుప్పటి కప్పింది. ఎవాంజెలిన్ నిద్రపోయాక వెళ్లి గేటు రెండు రెక్కలూ తెరిచి వచ్చింది. పొద్దంతా సామాను మోసిన మనిషి, మేల్కొని ఉందామనుకుంటూనే నిద్రపోయింది.

తెల్లారి టీ తీసుకుని వెళ్లేసరికి ప్రేమదాసు మంచం మీద గోడకు ఒత్తుకుని ఉన్నాడు. నడుమ పడుకోబెట్టిన మనిషి. డయాలిసిస్ రాత్రి పక్కకు తిరగలేని మనిషి. అతని పక్కన ఒకరు పట్టేంత ఖాళీ ఉంది.

"రాత్రి ఎవలొచ్చిండ్రే?" అన్నాడు.

"ఎవలు రాలే."

"వచ్చిండు. మేస్త్రి పని మనిషి లెక్క ఉండె. చేతులకు సిమెంటు, బట్టలు తడిసి ఉన్నయ్. అన్నా, జర జరుగు అన్నడు. జరిగిన. పాపం, ఎన్నొద్దుల సంది నిద్ర లేదో... ఒరుగంగనే గురకపెట్టిండు."

డోర్కాస్ కిటికీలోంచి పొడిగా ఉన్న ర్యాంపు వైపు చూసింది. ఆగస్టు నెల అయినా వారం నుంచి చినుకు పడలేదు.

"నీకు భయం కాలేదా?"

"భయమెందుకు?" ప్రేమదాసు గ్లాసు అందుకున్నాడు. రెండేళ్లలో అంత నెమ్మదైన మొహం ఆమె చూడలేదు. "ఆయనను రానిచ్చిండ్రు కదా. నన్ను గూడ రానిస్తరు."

ఆ రాత్రి షిఫ్టు నుంచి వచ్చి ఆమె గేటు రెండు రెక్కలూ తెరిచింది. లోపలికొచ్చి, ప్రేమదాసు మంచం పక్కన నేల మీద ఇంకో చాప పరిచి, దిండు వేసి, ఒక పొడి తువ్వాలు మడిచి పెట్టింది.